సగం మిగల్చాలి

నగరి మరమగ్గాల వీధిలో కరెంటు పోయినప్పుడు మొదట అందరూ అరుస్తారు. మగ్గాలు ఆగినంత త్వరగా గొంతులు తగ్గవు. పక్కన కూర్చున్న మనిషితో వీధి చివరి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతారు. తర్వాత ఎవరో నవ్వుతారు. గొంతులు దిగుతాయి. కరెంటు వచ్చేదాకా అది మామూలు వీధి.

చౌడేశ్వరమ్మ ఆ వీధిలో పుట్టి ఆ వీధిలోనే కాపురానికి వచ్చింది. పుట్టినింట్లో గుంట మగ్గం. మెట్టినింట్లో రెండు మరమగ్గాలు. భర్త ఆదికేశవులు ఆమెకు మేనమామ వరస. పెళ్లయిన కొత్తలో ఆయన ఆమెకు నేర్పింది చేతి సైగలు. పోగు తెగింది. నూలు కండె అయిపోయింది. నీళ్లు ఇయ్యి. ఎవరో వచ్చినారు. మగ్గాల మధ్య మాట వినపడదు. వాళ్లిద్దరూ పోట్లాడుకునేది కూడా చేతులతోనే అని చుట్టాలు నవ్వేవాళ్లు.

నేసేది పంచెలు. తెల్లటి నూలు, సన్నటి అంచు. తెల్లగుడ్డలో తప్పు దాగదు. నడుస్తున్న మగ్గం మధ్యలో ఆగితే పడుగు బిగువు మారుతుంది. మళ్లీ నడిపినప్పుడు ఆగిన చోట అడ్డంగా సన్నని గీత పడుతుంది. మామూలుగా చూస్తే తెలియదు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తెలుస్తుంది. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే షావుకారు ప్రతి పంచెనూ వెలుతురుకు ఎత్తి పట్టుకునే చూస్తాడు. గీత ఉన్నదాన్ని పక్కన పెడతాడు. ఏమీ అనడు. ఆదికేశవులుకు ఆ ఏమీ అనకపోవడమే కష్టంగా ఉండేది.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆయన మగ్గం చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పేవాడు. నేసిన పేక పోగులు కొన్ని ఊడదీసి, పోగులను దగ్గరకు కొట్టే అచ్చును గుడ్డ అంచుకు ఆనించి, వేలితో తడిమి, అప్పుడు మీట వేసేవాడు. అలా చేస్తే గీత పడదు. పడినా పడీపడనట్టు ఉంటుంది. ఆ పనిలో ఆయనకు వీధిలో పేరుండేది.

పేరుండగానే ఊపిరి తగ్గింది. ఇన్నేళ్ల నూలు దుమ్ము అన్నారు తిరుపతి డాక్టర్లు. ముందు మిద్దె మెట్లు ఎక్కలేకపోయాడు. తర్వాత చక్రం తిప్పలేకపోయాడు. తర్వాత మంచం. ముక్కుకు సన్నని గొట్టం, గొట్టం చివర స్టూలంత ఎత్తున్న తెల్లటి మిషన్. మామూలు గాలిని లోపలికి పీల్చుకుని ఆక్సిజన్‌ను వేరు చేసి ఇచ్చే మిషన్ అది. కూతురు చంద్రిక కొని పంపింది. ఆమె తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. మిషన్ వచ్చాక అంతకుముందు వాడిన సిలిండరును తిరిగి ఇచ్చేశారు. నూలు మూటలకు చోటు కావలసి వచ్చింది.

మిషన్‌కు కరెంటు కావాలి. వీధిలో కరెంటు పోని రోజు లేదు.

"మిద్దెపైన సోలార్ పెట్టిద్దాం అమ్మా," అంది చంద్రిక ఫోనులో. "నాయనకు ఆ మిషను ఆగకూడదు."

పెట్టడానికి వచ్చినవాడి పేరు ఢిల్లీబాబు. పుత్తూరువాడు, తిరుపతిలో సోలార్ అంగట్లో పని.

"ఏమప్పా, ఢిల్లీలో కరెంటు పోదంటనే?" అని అడిగింది చౌడేశ్వరమ్మ, పేరు విని.

"నాకేం తెలుసత్తా? నేను గూడూరు దాటిందే లేదు. మా తాత పేరు పెట్టినాడు గానీ టికెట్టు తీసియ్యలేదు."

మిద్దె ఎక్కి చూసి అతను తల గోక్కున్నాడు. పడమటింటి రెండో అంతస్తు నీడ మధ్యాహ్నం దాటగానే సగం మిద్దెను కప్పేస్తోంది. రెండు పలకలకు మించి చోటు లేదు. అవి మిషన్‌కు చాలవు.

అది ఆడి నెల. నగరిలో ఇంటి లెక్కలన్నీ తమిళ నెలల్లోనే నడుస్తాయి. ఆడికృత్తిక కావళ్లు అప్పుడే వెళ్లిపోయాయి. వీధి పొడవునా గాలి. ఆరేసిన నూలు దండెం మీద నిలవడం లేదు. ఢిల్లీబాబు చొక్కా వీపు మీద ఉబ్బింది.

"ఈ గాలిని ఊరికే వొదిలేయకూడదత్తా. మా అంగట్లో చిన్న గాలిమర ఉండాది, ఇంటికి పెట్టుకునేది. ఎండ లేనప్పుడు గాలి, గాలి లేనప్పుడు ఎండ. రెండూ పొయ్యి ఒకే బ్యాటరీలో పడతాయి."

"రెండూ లేకపోతే?"

"అట్లా యాడన్నా జరగతాదా?"

ఆడి గాలిని చూసి ఏడాది గాలిని లెక్కకట్టారు. అది చిన్న తప్పు. పెద్దది తర్వాత వచ్చింది.

మిద్దె మూలలో ఇనుప స్తంభం నిలబెట్టి, దాని తల మీద మూడు రెక్కలు బిగించారు. ఆ మూల కిందే తూర్పువైపు పక్కింటి చంద్రకాంతమ్మ వాళ్ల మగ్గాల షెడ్డు, రేకుల కప్పు. ఆమె బయటికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసింది.

"ఏమ్మే చౌడమ్మా, మిద్దెకు రెక్కలు కట్టినారు. యాడికి ఎగిరేది?"

"తిరుమలకే అక్కా. బస్సులో సీటు దొరకడంలే."

"పొయ్యేటప్పుడు మా రేకుల మీద పడకుండా సూసుకోని పోండి."

పనంతా అయ్యాక ఢిల్లీబాబు ఆమెను మెట్ల కింద గదికి పిలిచి బ్యాటరీలు చూపించాడు. నల్లటి పెట్టెలు రెండు.

"మిషనుకు, ఒక లైటుకు, ఒక ఫ్యానుకు. ఇంగేమీ తగిలించొద్దత్తా. ఈటిల్లో సగం ఎప్పుడూ మిగలాల. సగానికి దిగితే ఈడ ఎర్ర లైటు వస్తాది. మిషను తప్ప అన్నీ ఆపేయాల."

"ఆ మిగిలింది ఎందుకప్పా? ఏం చేసుకోవాల?"

"ఏం చేసుకోవద్దు. అది అట్లనే ఉండాల. అడుగంటా వాడుకుంటే బ్యాటరీ సచ్చిపోతాది."

ఆమె తల ఊపింది. మాట అర్థమైంది. కానీ ఆ ఇంట్లో కండె మీద చివరి పోగు దాకా నేస్తారు. తెగిన పోగుల ముక్కలను పోగుచేసి దీపం వత్తులు చేస్తారు. గంజి అడుగున మిగిలితే మర్నాటి నూలుకు కలుపుతారు. ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేసి అయిపోయిందనడం ఆమె చేతులు ఎన్నడూ చేయని పని.

ఆ నెలంతా రెక్కలు పగలూ రాత్రీ తిరిగాయి. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆదికేశవులు ముఖంలో కాస్త రంగు వచ్చింది. చౌడేశ్వరమ్మ ఒక మగ్గం నడుపుతోంది. రెండోదాని మీద గుడ్డ కప్పి ఉంచారు.

ఒక మధ్యాహ్నం, పంచె ఇంకాస్తలో ముగుస్తుందనగా, కరెంటు పోయింది. వీధి అరిచింది, నవ్వింది, ఊరుకుంది. ఆమె చక్రం మీద చెయ్యి వేసింది. ఆయన చేసినట్టు ఆమెకు రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ వారంలో షావుకారు రెండుసార్లు పంచెలు పక్కన పెట్టాడు.

మంచం మీద నుంచి ఆదికేశవులు అన్నాడు: "ఏమ్మే. ఆ బ్యాటరీలో ఉండాది గదా."

"అది నీకు మామా."

"నాకు పోను మిగలడంలేదా? పైన సూడు, ఎట్లా తిరగతాండాదో."

ఆమె తలుపు దగ్గరికి వెళ్లి పైకి చూసింది. రెక్కలు కంటికి విడివిడిగా కనపడనంత వేగంగా తిరుగుతున్నాయి.

మెట్ల కింద గది నుంచి మగ్గం మోటారుకు ఆమె తీగ లాగింది. మీట వేసింది. వీధి మొత్తంలో ఆ ఒక్క మగ్గమే నడిచింది. ఆదికేశవులు కళ్లు మూసుకుని విన్నాడు. పేక పోగు తీసుకుని నాడె ఇటు నుంచి అటు పోయే ప్రతిసారీ ఆయన గడ్డం కొద్దిగా కదిలింది. ఎర్ర లైటు వెలిగింది. పంచె అయ్యేదాకా ఆమె ఆపలేదు. అయ్యాక విప్పి గుమ్మంలో వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"గీత ఉండాదా?" అన్నాడాయన.

"లేదు."

సాయంత్రం గాలికి బ్యాటరీలు మళ్లీ నిండాయి. మర్నాడూ అలాగే చేశారు. తర్వాత అది అలవాటైంది. కరెంటు పోతే తీగ తగిలించడం, పంచె ముగించడం. పక్కింటి నుంచి చంద్రకాంతమ్మ గొంతు వినపడేది.

"మీ ఇంట్లో మాత్రం కరెంటోళ్లు కాపురం పెట్టినట్టుండారే!"

ఆడి పోయి, ఆవణి పోయి, పురటాసి వచ్చింది. గాలి పడిపోయింది. రెక్కలు రోజులో ఎక్కువసేపు నిలబడి ఉండేవి. ఎండ కూడా వంగి, పడమటింటి నీడ మరింత ముందుకు జరిగింది. తీగ మాత్రం అక్కడే ఉంది. ఎర్ర లైటు ఇప్పుడు తొందరగా వెలిగేది. దాన్ని చూసి చూసి చూడడం మానేశారు. కరెంటు గంటలోపే వచ్చేస్తుండేది కాబట్టి మిషన్ ఆగిన రోజు లేదు. లోపల ఏం తరుగుతోందో పైకి కనపడదు. నల్లటి పెట్టెలు రెండూ నల్లగానే ఉన్నాయి.

చంద్రిక ఫోను చేసినప్పుడల్లా అడిగేది. "బ్యాటరీ బాగుండాదా అమ్మా?"

"బాగుండాది."

ఆ మాట ఆమె నమ్మే చెప్పింది.

కార్తిగై నెలలో తుఫాను అన్నారు. ముందురోజు ఢిల్లీబాబు ఫోను చేశాడు.

"అత్తా, గాలిమర స్విచ్చి కట్టేయి. అంతటితో సాలదు. రెక్కను స్తంభానికి తాడుతో కట్టు. తుఫానుకు తిరిగితే రెక్క ఊడొస్తాది. ఊడితే యాడ పడతాదో సెప్పలేం."

"ఇన్నాళ్లూ గాలి లేదని ఏడిస్తిమి. వచ్చినప్పుడు ఆపమంటావే?"

"ఇది మన గాలి కాదత్తా. కట్టేయి."

ఆమె కట్టింది. రెండు ముళ్లు వేసింది.

మర్నాడు తెల్లవారుతుండగా కరెంటు పోయింది. ఈసారి వీధిలో ఎవరూ అరవలేదు. వాన సద్దు మగ్గాల సద్దుకంటే పెద్దగా ఉంది. మిషన్ బ్యాటరీ మీద నడిచింది. చౌడేశ్వరమ్మ ఆ రోజు మగ్గం జోలికి పోలేదు. లైటు ఆపింది. ఫ్యాను ఆపింది. తీగ ఊడదీసి చుట్ట చుట్టి పక్కన పెట్టింది. ఇలా జాగ్రత్తగా ఉంటే సాయంత్రం దాకా వస్తుందని ఆమె లెక్క. ఢిల్లీబాబు చెప్పిన లెక్క కూడా అదే.

అన్నం వార్చేలోపే ఎర్ర లైటు వచ్చింది. గంజి చల్లారేలోపు మిషన్ కీచుమని ఒకటే అరుపు అరిచి ఆగిపోయింది.

ఆదికేశవులు లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ మంచం పట్టె మీద ఊనుకున్నాడు. భుజాలు పైకీ కిందికీ పోతున్నాయి. ఆమె వైపు చూసి చేత్తో సైగ చేశాడు. ఏమీ కాలేదు, పని చూసుకో అని. కాసేపటికి ఆ సైగ చేయడానికి కూడా చెయ్యి లేవలేదు. గోళ్లు నీలంగా మారుతున్నాయి.

ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఆసుపత్రి బండికి ఫోను కలవలేదు. చంద్రికకు కలవలేదు. ఢిల్లీబాబుకు కలిసింది.

"ఇంత బిన్నే, ఇంకా పొద్దెక్కకముందే ఎట్లా అయిపాయె?" అన్నాడతను. "అత్తా, దానికి ఏమన్నా తగిలిస్తా ఉండావా?"

ఆమె చుట్ట చుట్టి పెట్టిన తీగ వైపు చూసింది.

"సరే. తాడు మాత్రం ఇప్పొద్దు. వినపడతాండాదా? ఇప్పొ..."

లైను పోయింది.

ఆమె మిద్దె ఎక్కింది. గాలి ఆమెను మెట్ల మీదే ఒకసారి కూర్చోబెట్టింది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని, పిట్టగోడ పట్టుకుని మూల దాకా వెళ్లింది. స్తంభం వణుకుతోంది. కట్టిన రెక్క తాడును గుంజుతోంది. ఆ గాలిలో ఉన్న కరెంటు ఈ వీధికంతటికీ చాలుతుంది. ముడి విప్పి స్విచ్చి వేస్తే చాలు.

మొదటి ముడి విప్పింది. తడిసిన తాడు బిగుసుకుపోయి ఉంది. పళ్లతో లాగింది. ఊడింది. రెక్క ఒక జానెడు కదిలి ఆగింది.

కింద రేకుల షెడ్డు. చంద్రకాంతమ్మ ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. షెడ్డు నేల ఎత్తు. అందుకని ఇంటిల్లిపాదీ అందులోకి చేరారు. తలుపు సందులో పసిపిల్లను ఎత్తుకుని చంద్రకాంతమ్మ కోడలు కనపడింది. పిల్ల చేతిలో బిస్కెట్టు. చౌడేశ్వరమ్మ చెయ్యి రెండో ముడి మీద ఉంది.

"ఏమ్మే! ఆడేం జేస్తాండావు?" చంద్రకాంతమ్మ వానలోకి వచ్చి అరిచింది. "మా నెత్తిన ఏస్తావా దాన్ని?"

"మామకు ఊపిరాడడంలేదక్కా."

"ఏందీ?"

"ఊపిరాడడంలేదు! మిషను ఆగిపొయ్యింది!"

చంద్రకాంతమ్మ ముఖం మీద వాన కారుతోంది. ఆమె తుడుచుకోలేదు. పైన రెక్కను చూసింది. వెనక్కి తిరిగి షెడ్డును చూసింది. మిద్దె మీదున్న మనిషిని ఎంత తిట్టడానికైనా ఆ క్షణంలో ఆమెకు హక్కు ఉంది.

"దిగు," అంది. "దిగు బిన్నే. మంచం ఎత్తుదాం. పెద్దరోడ్డు దాంక మోసుకోని పోతే ఆసుపత్రిలో జనరేటరు ఉండాది. మా వాళ్లందరినీ పిలుస్తా. దిగు మే!"

చౌడేశ్వరమ్మ వెంటనే దిగలేదు. విప్పిన మొదటి ముడిని మళ్లీ వేసింది. వేళ్లు చలికి వంగడం లేదు. కింద ఆయన ఒక్కడే ఉన్నాడు. ముడి బిగిసేదాకా లాగి, అప్పుడు దిగింది.

మంచంతో సహా ఎత్తుకుని పోయారు. మోకాలి లోతు నీళ్లు. ముందు చంద్రకాంతమ్మ కొడుకులు, వెనక వీధి మగవాళ్లు. మంచం మీద మనిషిని అలా మోసుకుపోవడం చూసి గుమ్మాల్లో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో ఏడుపు ఎత్తబోతే చంద్రకాంతమ్మ కసిరింది.

"బతికే ఉండాడు! గొడుగు తెచ్చి పట్టు, అది చేతగాకపోతే లోపలికి పో!"

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చౌడేశ్వరమ్మ పక్కనే నడుస్తూ ఆయన గడ్డాన్ని పైకి ఎత్తి పట్టుకుంది, వాన నోట్లో పడకుండా, ఊపిరి ఆగకుండా.

ఆసుపత్రిలో ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ ముసుగు పెట్టారు. తుఫాను దాటాక తిరుపతికి పంపారు. అక్కడ చంద్రిక తండ్రి మంచం పక్కన నిలబడి అడిగింది.

"బ్యాటరీ బాగుండాది అంటివే అమ్మా?"

ఆదికేశవులు ముసుగు కొద్దిగా ఎత్తాడు. "నేనే నడపమంటి."

"చెప్పింది ఆయన. తీగ వేసింది నేను," అంది చౌడేశ్వరమ్మ.

"ఏం నడిపినారు?"

"మగ్గం."

చంద్రిక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒక పంచె కోసమా?"

పంచె కోసమే. దాచడానికి ఏమీ లేదు. కానీ ఆసుపత్రి వార్డులో, కూతురి నోట విన్నప్పుడు ఆ మాట చాలా చిన్నదిగా ఉంది. చంద్రిక బయటికి పోయి వరండాలో నిలబడింది. కాసేపటికి కళ్లు కడుక్కుని వచ్చి తండ్రి దుప్పటి సర్దింది.

ఆయన్ను తిరుపతిలోనే తన దగ్గర పెట్టుకుంటానంది. ఆయన, "ఇల్లు," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. డాక్టరు ఒప్పుకున్నాడు, మిషన్ ఇక ఏ రోజూ ఆగకూడదన్న షరతు మీద. సిలిండరు కూడా ఇంట్లో ఉండాలి అన్నాడు.

ఢిల్లీబాబు కొత్త బ్యాటరీలు తెచ్చాడు. పాతవాటికి మీటరు పెట్టి చూసి బండిలోకి ఎక్కించాడు. గోడ పక్కన చుట్ట చుట్టి ఉన్న తీగను చూశాడు.

"దీన్ని తీసుకోని పోదునా అత్తా?"

"వద్దప్పా. నేనే తీస్తా."

అతను పోయాక ఆమె మోటారు దగ్గర ఉన్న చివరను కూడా ఊడదీసింది. కత్తిపీట మీద పెట్టి తీగను ముక్కలు చేసింది. సగం పనిలో ఆగి, మంచి తీగ, దేనికైనా పనికొచ్చేది అనుకుంది. మళ్లీ కోసింది.

సంక్రాంతి దాటాక, తై నెలలో ఆయన ఇంటికి వచ్చాడు. ఇదివరకటికంటే చిక్కిపోయాడు. మంచం మగ్గానికి ఎదురుగానే వేయమన్నాడు. మొదటి రెండు మూడు రోజులు కరెంటు పోలేదు. ఆమె నేసింది. ఆయన విన్నాడు. మిషన్ తన పని తను చేసింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గం నాడెను సగం దారిలో వదిలేసి ఆగింది. వీధి అరిచింది, తర్వాత నవ్వింది. మెట్ల కింద గదిలో బ్యాటరీ పని మొదలుపెట్టింది. మిషన్ ఆగలేదు.

ఆదికేశవులు గుడ్డ వైపు చూశాడు. ఆ పంచె కూడా ఇంకాస్తలో అయ్యేది.

"ఏమ్మే."

"ఊ."

"ఒక్క గడియ. నేను ఆ సిలిండరు పెట్టుకుంటా. ఈ మిషను ఆపేసి మగ్గానికి ఇయ్యి."

"తీగ లేదు మామా."

"యాడ పొయ్యింది?"

"కోసేసినా."

ఆయన ఆమె వైపు తిరిగాడు. కోపం వచ్చింది. కోపానికి ఊపిరి కావాలి. అది లేక కళ్లలోనే ఉండిపోయింది. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆమె మగ్గం దగ్గర నిలబడింది. చక్రం తిప్పవచ్చు. తిప్పలేదు. నీళ్లకు పోవచ్చు, కండెలు చుట్టుకోవచ్చు. వచ్చి మంచం అంచున కూర్చుంది.

"పనేమీ లేదా నీకు?" అన్నాడాయన గోడతో.

"లేదు."

"ఎంతసేపు కూర్చుంటావు?"

"తెలీదు. కరెంటు వచ్చేదాంక."

పగటిపూట ఈ ఇంట్లో ఆమె ఇలా కూర్చున్నది ఎప్పుడూ లేదు. ఊపిరికి ఆయన వీపు లేచి దిగుతోంది. ఆమె దాన్నే చూస్తూ ఉంది.